జానెడు దూరం

అద్దెకిచ్చేవాడు దాన్ని ముందు బండి అన్నాడు, తర్వాత ఇల్లన్నాడు, తాళాలు చేతిలో పెట్టేటప్పుడు ఏకంగా స్వర్గమే అన్నాడు. సబ్బు గుమ్మంలో ఒక కాలు పెట్టి, గాలి పీల్చి, ఆ కాలు వెనక్కి తీసుకుంది. స్వర్గం పాత తివాచీ కంపు కొడుతోంది. ఆ కంపులో ఎవరివో సాక్సులు, ఎవరిదో కుక్క, ఎప్పుడో పొంగిపోయిన పాలు, అన్నీ ఆమెకి విడివిడిగా తెలుస్తున్నాయి. తెలియకపోతే ఆవిడ సబ్బు ఎందుకవుతుంది?

ఆ పేరు స్నేహితురాళ్ళు పెట్టింది. పెద్ద హోటల్లో గదుల శుభ్రం చూసే సూపర్‌వైజరు ఆవిడ. పనివాళ్ళు గది తుడిచి, దుప్పట్లు మార్చి బయటికొచ్చాక, ఈవిడ లోపలికెళ్ళి తలుపేసుకుని కళ్ళు మూసుకుని నిలబడుతుంది. మంచం వెనక పడిపోయిన ఆపిల్ ముక్కని గుమ్మంలోంచే పట్టేసిన ఘనత ఆమెది. ఇంట్లో మాత్రం ఆ ఘనతకి ఎవరూ సంతోషించరు. ఆమె మొగుడు బూట్లు విప్పుకోవాలంటే మేడ మీదికి పోతాడు.

మిగతా ఇద్దరిలో ఒకావిడ స్టీరింగు. స్కూలు బస్సు నడుపుతుంది కాబట్టి, మంచాలూ పొయ్యీ పాయిఖానా ఉన్న ఈ క్యారవాన్‌ని ఉత్తరాన కొండల్లోకి తోలే పని ఆమెకే పడింది. ఇంకొకావిడ కత్తెర. ఆడవాళ్ళ బట్టలు కుట్టే దుకాణం ఆమెది. పెళ్ళిళ్ళకి ముందు ముగ్గురూ ఒకే హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్ళు. ఇప్పుడు ముగ్గురూ యాభై దాటారు, ముగ్గురికీ మోకాళ్ళ నొప్పులు, బుద్ధులు మాత్రం హాస్టల్లో ఎక్కడ వదిలారో అక్కడే ఉన్నాయి.

ఈ ప్రయాణం కత్తెర పెట్టింది. పోయినేడు ఆమె పేగుకి పెద్ద ఆపరేషన్ జరిగింది. బతికి బయటపడ్డాను అని చెప్పింది తప్ప అంతకుమించి ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. దుకాణం షట్టరు అప్పట్నుంచీ దించే ఉంది. పక్కనున్న చెప్పుల కొట్టాయన, మధ్యలో గోడ కొట్టేసి కలుపుకుంటాను ఇచ్చెయ్యమ్మా అని వెంటపడుతున్నాడు. తిరిగొచ్చేలోపల ఏదో ఒకటి తేల్చి చెప్తానని ఆయనకి మాటిచ్చి మరీ బయల్దేరింది కత్తెర. ఆ దుకాణం కూడా పోతే ఆమెకి మిగిలేది ఒక మంచమూ, వేళకి కోడలు తెచ్చే కాఫీనూ. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

సబ్బు మొదట రానంటే రానంది. పదిమంది పడుకున్న పరుపుల మీద పడుకోవడమా, ఛీ.

"నువ్వు రాకపోతే నేనూ పోను" అని కత్తెర మొండికేసింది.

"నేనెందుకే? దారంతా మిమ్మల్ని తిడుతూనే ఉంటాను."

"అందుకే రమ్మంటున్నా."

అది ప్రేమ అనుకుని సబ్బు కరిగిపోయింది.

బండి వెనక భాగంలో బీరువా అంత పాయిఖానా ఉంది. దాని కింద టాంకీ. అద్దెకిచ్చేవాడు ఒక నీలం సీసా ఇచ్చి, టాంకీలో ఈ మందు తప్ప ఇంకేదీ పొయ్యకండి అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. సబ్బు మూత తీసి చూసింది. పళ్ళ వాసన! మురికి మీద సెంటు కొట్టడమంటే ఆమెకి మురికి కంటే అసహ్యం. మిగతా ఇద్దరూ సామాన్లు ఎక్కిస్తుండగా, హోటల్నుంచి తెచ్చుకున్న ఘాటైన మందు డబ్బా బయటికి తీసి పాయిఖానా గిన్నెలోంచి గబగబా ఒంపేసింది. కళ్ళు మండాయి, ముక్కు చురుక్కుమంది, మనసు చల్లబడింది. ఆ తర్వాత ప్రతి పొద్దునా అదే పని. ఎవరికీ చెప్పలేదు. ఇందులో చెప్పాల్సిందేముంది, నలుగురికీ మంచి చేసేవాళ్ళు చాటింపు వేసుకుంటారా?

ఉత్తరానికి పోయేకొద్దీ రోడ్డు సన్నబడింది. కొండలు దగ్గరికొచ్చాయి. కొండలు బాగానే ఉన్నాయి పాపం, వాటిని అనడానికేమీ లేదు. మంచు కప్పుకున్న శిఖరాలు, కింద పచ్చటి నీళ్ళతో ఏరు, అన్నీ ఉన్నాయి. కానీ బండి లోపల స్టీరింగు కూడా ఉంది. స్టీరింగు తడి తువ్వాలు మడతపెట్టి దిండు కింద పెడుతుంది. అన్నం తినే బల్ల మీద కాళ్ళ గోళ్ళు తీసుకుంటుంది. సూపు ఉడికిందో లేదో గరిటెతో రుచి చూసి, అదే గరిటె మళ్ళీ గిన్నెలో తిప్పుతుంది. సింకులో వెంట్రుకలుంటే వేలితో లాగి, ఆ వేలిని పక్కనున్న కర్టెన్‌కి రాస్తుంది. సబ్బుకి ఒళ్ళంతా గొంగళిపురుగులు పాకినట్టుండేది. ప్యాంటు జేబులో తడి కాగితాల ప్యాకెట్ పెట్టుకుని, మనిషి తగిలినా, తలుపు తగిలినా చెయ్యి తుడుచుకుంటూ కూర్చునేది.

"ఎన్నిసార్లు తుడుస్తావే? అరచేతి గీతలు అరిగిపోతాయి" అని స్టీరింగు నవ్వేది.

"నీ పక్కన కూర్చున్నాక నా జాతకం ఎటూ బాగుండదులే."

కత్తెర మాత్రం ఏ గొడవా లేకుండా ఉండేది. వదులు చొక్కా, పైన శాలువా. ఎక్కువ మాట్లాడేది కాదు. పాయిఖానాలోకి వెళ్తే చాలాసేపు బయటికొచ్చేది కాదు. పెద్ద ఆపరేషన్ కదా, నీరసం అనుకున్నారు ఇద్దరూ.

అసలు కంపు మొదలైంది ఎత్తు ఎక్కడం మొదలుపెట్టాక. ముందు సన్నగా, ఎక్కడో మూల నక్కినట్టు. తర్వాత తేటగా. బండి మలుపు తిరిగినప్పుడల్లా గుప్పుమనేది. చెత్తబుట్ట కాదు, గుడ్లు కాదు, స్టీరింగు సాక్సులు కూడా కాదు. మనిషి లోపలి కంపు. అలాంటి కంపు ఎక్కడిదో తేలకపోతే సబ్బుకి అన్నం దిగదు. ఉల్లిపాయల బుట్ట పారేసింది. తువ్వాళ్ళన్నీ ఉతికింది. తివాచీ మీద మోకాళ్ళేసుకుని కుక్కలా వాసన చూసింది. టాంకీ జోలికి మాత్రం పోలేదు. తను రోజూ శుద్ధి చేస్తున్న చోట కంపెందుకుంటుంది?

"నాకేం రావట్లేదమ్మా" అనేది స్టీరింగు. ఇన్నేళ్ళ డీజిలు పొగకి ఆమె ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది.

కత్తెర అలా అనేది కాదు. రోజుకోసారి, స్టీరింగు వినకుండా, సబ్బు పక్కన చేరి అడిగేది. "ఇవాళ కూడా వస్తోందా?"

"వస్తోందా అంటావేంటి, చంపుతోంది. నిన్నటికంటే ఎక్కువైంది."

"చాలా?"

"పీనుగ కుళ్ళినట్టుందే బాబూ! ఎవరైనా ఈ బండి ఎక్కితే అక్కడే వాంతి చేసుకుంటారు."

ఇది చెప్పేటప్పుడు సబ్బు గొంతులో కాస్త ఉత్సాహం కూడా ఉండేది. ఎవరికీ పట్టనిది తనకి పట్టిందన్న గర్వం. కత్తెర తలూపి కిటికీ దగ్గరికి పోయేది. రెండు రొట్టె ముక్కలు తినే మనిషి ఒకటే తినడం మొదలుపెట్టింది, తర్వాత అదీ మానేసింది. కంపుకి దానికి కూడా తిండి సయించట్లేదు పాపం అనుకుంది సబ్బు, తన పక్షాన ఇంకో మనిషి ఉన్నందుకు సంబరపడుతూ.

కొండల నడుమ ఒక చెరువు ఒడ్డున, ఇలాంటి బండ్లు ఆగే మైదానంలో, ఎండ బాగా వచ్చిన పూట సబ్బు ఇక ఊరుకోలేదు. "ఇవాళ తనిఖీ" అని ప్రకటించింది. హోటల్లో ఎలా చేస్తుందో అలాగే. గడ్డి మీద పట్టా పరిచి, బండిలోని వస్తువులన్నీ బయటికి తెచ్చి, ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని పక్కన పెట్టడం. స్టీరింగు మడతకుర్చీలో కూర్చుని వినోదం చూస్తోంది. కత్తెర చేతులు కడుక్కోవడానికి నీళ్ళ షెడ్డు దాకా వెళ్ళింది.

పరుపులయ్యాయి, దుప్పట్లయ్యాయి. కత్తెర మంచం కింద ఒక రేకు డబ్బా ఉంది, మూత చుట్టూ టేపు అంటించి. అంత గట్టిగా మూసిన డబ్బా చూస్తే సబ్బుకి చేతులు ఆగవు. టేపు చింపేసింది. లోపల పల్చటి సంచీలు దొంతరగా ఉన్నాయి. గుండ్రటి జిగురు బిళ్ళలు. చిన్న కత్తెర. అడుగున, వాడేశాక పారేసే చోటు దొరక్క దాచినవి, రెండు మూడు కవర్లలో చుట్టి ముడులేసినవి కొన్ని. సబ్బు ఒక ముడి విప్పింది, వెంటనే డబ్బా చేతిలోంచి జారిపోయింది.

"ఛీ ఛీ ఛీ! ఏంటే ఇది? దొరికింది! నేను చెప్పలా? ఇదే! అబ్బా, కడుపులో తిప్పేస్తోంది. ఎవరిదే ఈ దరిద్రం?"

"నాదే" అంది కత్తెర. ఎప్పుడొచ్చిందో, పట్టా అంచున నిలబడి ఉంది. చేతులనుంచి నీళ్ళు కారుతున్నాయి.

కత్తెర వంగి, జారిపోయిన కవరు తీసి, ముడేసి, డబ్బాలో పెట్టింది. ఆ పని చాలా అలవాటుగా, ఇస్త్రీ బట్టలు మడిచినట్టు చేసింది.

"పేగు కోసేశాక పొట్టకి పక్కన చిల్లు పెట్టారు. ఆ చిల్లుకి ఈ సంచీ తగిలించుకోవాలి. లోపలినుంచి వచ్చేదంతా ఇందులోకే వస్తుంది. బతికినన్నాళ్ళూ ఇంతే."

"చెప్పొచ్చుగా" అంది సబ్బు.

"చెప్తే నువ్వు నిజం చెప్పవు. ఇంట్లో మా ఆయన్ని అడిగితే వాసనేం లేదంటాడు, కిటికీ తీస్తూ. కోడలు అస్సలు లేదత్తయ్యా అంటుంది, గదిలో సెంటు కొడుతూ. మంచివాళ్ళే, నేను బాధపడకూడదని. మరి నేనెవర్ని నమ్మాలి? మనుషుల్ని ముట్టుకుని కొలతలు తీసే పని నాది. ఈ భూమ్మీద నన్ను చూసి మొహమాటపడనిది నువ్వొక్కదానివే. నీకు రాకపోతే దుకాణం తెరవాలి, వస్తే ఇచ్చెయ్యాలి అనుకుని నిన్ను తీసుకొచ్చా." కత్తెర డబ్బా మూత నొక్కింది. "వచ్చిందిగా. రోజూ చెప్పావుగా."

"నాకైతే ఏం రావట్లేదే, ఒట్టు!" అంది స్టీరింగు. అంటూనే కూర్చున్న కుర్చీని కాళ్ళతో మెల్లగా వెనక్కి జరుపుకుంది. ఆ జరగడం చూసి సబ్బుకి ఒళ్ళు మండిపోయింది. తర్వాత, తన చేతిలో అప్పటికే ఒక తడి కాగితం ఉందనీ, వేళ్ళు వాటంతటవే తుడుచుకుంటున్నాయనీ గమనించింది. స్టీరింగు కనీసం కుర్చీతో ఆగింది. తనో? ఛీ, ఏం పుట్టుక ఇది అనుకుంది.

కత్తెర ఫోను తీసుకుని, సిగ్నల్ దొరికే గుట్ట వైపు నడిచింది. చెప్పుల కొట్టాయనకి చెప్పడానికని ఇద్దరికీ అర్థమైంది.

పని లేకపోతే సబ్బుకి పిచ్చెక్కుతుంది. పరుపులు మళ్ళీ లోపల వెయ్యడానికి బండి ఎక్కింది. ఎక్కి, గుమ్మం దాటగానే ఆగిపోయింది.

కంపు అక్కడే ఉంది. అంతే ఘాటుగా, అంతే తేటగా. కత్తెర గుట్ట మీదుంది. ఆమె డబ్బా, దుప్పటి, బట్టలు, ఆఖరికి చెప్పులు కూడా బయట పట్టా మీదున్నాయి. మనిషి బయటుంటే కంపు లోపలెందుకుంది?

ఆమె తలుపేసుకుంది. కళ్ళు మూసుకుంది. హోటల్ గదిలో నిలబడ్డట్టు నిలబడి, ముక్కు ఎటు లాగితే అటు అడుగేసింది. ముక్కు ఆమెని తిన్నగా పాయిఖానాలోకి తీసుకెళ్ళింది. కళ్ళు తెరిచి, వంగి, గిన్నెలోకి చూసింది. గిన్నె అడుగున మూత ఉంటుంది, మూత చుట్టూ నల్లటి రబ్బరు. అది బిగుతుగా ఉంటే పైన కాసిని నీళ్ళు నిలిచి, కింది కంపుని పైకి రానివ్వవు. ఇప్పుడు చుక్క నీరు నిలవలేదు. రబ్బరు తెల్లగా పాలిపోయి, పొడవునా పగిలిపోయి ఉంది.

ఆ తెలుపు ఆమెకి బాగా తెలుసు. ఆ మందు వాడినప్పుడు పనివాళ్ళ చేతి తొడుగులు సరిగ్గా అలాగే పాలిపోయి పగులుతాయి. రబ్బరుకి తగలనివ్వకండి అని కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పేది కూడా తనే. బయల్దేరినప్పట్నుంచీ పొద్దున్నే లేచి, ఎవరికీ చెప్పకుండా, దొంగలా ఈ కంపుని తయారుచేసింది తనే. తయారుచేసి, మెచ్చుకోలుగా వాసన చూసి, తీసుకెళ్ళి స్నేహితురాలి పొట్టకి అంటగట్టింది. ఆ ఇరుకులో కూర్చుని సబ్బు తల బాదుకుంది. ఆమెకి జీవితంలో చాలా వాటి మీద అసహ్యం వేసింది గానీ, ఇంత దగ్గరి వస్తువు మీద ఎప్పుడూ వెయ్యలేదు.

కత్తెర గుట్ట దిగి వచ్చింది. "చెప్పేశాను. ఆయన సంతోషం పట్టలేక మా ఆయన ఆరోగ్యం కూడా అడిగాడు."

సబ్బు అంతా చెప్పింది. మందు సంగతి, రబ్బరు సంగతి. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి గిన్నె చూపించింది. కత్తెర చూసింది. చూసి, నీరసంగా నవ్వింది.

"నువ్వు కూడా మొదలుపెట్టావా? మా కోడలు నయం, సెంటుతో సరిపెడుతుంది. నువ్వు ఏకంగా రబ్బరు పగలగొట్టావు."

"నిజమేనే! ఆ కంపు టాంకీదే."

"అయితే నాది లేదంటావు."

సబ్బు నోరు తెరిచింది. లేదు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఇప్పుడే అన్నీ చక్కబడిపోతాయి. కానీ ఆ మాట కత్తెర ఇంట్లో మొగుడు అన్నాడు, కోడలు అంది, ఇందాక స్టీరింగు ఒట్టేసి మరీ అంది.

"తెలీదు" అంది. "ఈ బండిలో ఏనుగు చచ్చినా తెలీదు. బయటికి రా. చూసి చెప్తా."

నీళ్ళ షెడ్డు వెనక గోడ పక్కన గాలి లేదు. ఎండ పడి గోడ వెచ్చగా ఉంది. కత్తెర శాలువా తీసి స్టీరింగు చేతికిచ్చి, గోడకి ఆనుకుని నిలబడింది. కొలతల టేపు జేబులోంచి తీసింది. దుకాణం మూసి ఏడాదైనా టేపు లేకుండా ఆమె గడప దాటదు. టేపు ఒక కొస పొట్ట పక్కన, సంచీ ఉన్న చోట చొక్కా మీద పెట్టుకుంది. రెండో కొస సబ్బు చేతికిచ్చింది.

"ముక్కు దగ్గర పట్టుకో. మెల్లగా రా. వచ్చినచోట చెప్పు. నా మీద జాలిపడి అబద్ధం చెప్పావో, ఈ టేపుతోనే నీ పీక బిగిస్తా."

సబ్బు గులకరాళ్ళ మీద మోకాళ్ళేసుకుంది. ఎవరి మంచం మీదా కూర్చోని మనిషి, ఎవరి గ్లాసూ ముట్టని మనిషి, కళ్ళు మూసుకుని ఇంకొకరి పొట్ట వైపు మొహం చాపుకుంటూ జరిగింది.

"ఇక్కడ?"

"రావట్లేదు."

"ఇక్కడ?"

"సబ్బు వాసన. నీ చొక్కాది."

"ఇప్పుడు?"

"లేదు. ఆగు." ఇంకొంచెం జరిగింది. గట్టిగా పీల్చింది. సన్నగా, వెచ్చగా తగిలింది. నోట్లో నీళ్ళూరాయి, గుటక మింగింది. ఇది మింగేసి లేదనెయ్యొచ్చు అని మళ్ళీ అనిపించింది. "వచ్చింది" అంది.

కత్తెర కదల్లేదు. టేపు చూసుకుంది. "జానెడు."

"అయ్యో, జానెడేనా? అదసలు లెక్కలోకే రాదే!" అంది స్టీరింగు.

"నువ్వు నోర్ముయ్యవే" అన్నారిద్దరూ.

కత్తెర కాసేపు చేత్తో ఆ జానెడు దూరాన్ని గాల్లో పట్టుకుని చూసింది. తర్వాత సబ్బుని రెక్క పట్టుకుని లేపి, గోడ దగ్గర నిలబెట్టింది. ఆమె నడక మారింది. ఏడాది తర్వాత ఎదురుగా కొలతలకి మనిషి నిలబడింది. భుజానికి టేపు వేసింది.

"ఇప్పుడు?"

"లేదు."

చెయ్యి పొడవు తీసింది. లేదు. వంగి నడుం చుట్టూ టేపు తిప్పింది. వంగితే ఆమె పొట్ట వెనక్కి పోయింది. లేదు. మోకాళ్ళ మీద కూర్చుని కాలి అంచు చూసింది. లేదు. లేచి ఎదురుగా నిలబడి, రెండు చేతులూ చుట్టూ పోనిచ్చి ఛాతీ కొలిచింది.

"ఇప్పుడు?"

"కొంచెం. అవును, వస్తోంది."

కత్తెర ఆగింది. ఆలోచించింది. సబ్బుని భుజాలు పట్టి అటు తిప్పి, వెనక నిలబడి, టేపు వెనకనుంచి ముందుకి వేసి మళ్ళీ కొలిచింది.

"ఇప్పుడు?"

సబ్బు కళ్ళు మూసుకుని, నిదానంగా, రెండుసార్లు పీల్చింది. "లేదు."

"అయితే ఛాతీ వెనకనుంచి కొలవాలి" అంది కత్తెర. టేపు చుట్టి జేబులో పెట్టుకుంది. "పొద్దున సంచీ మార్చకముందు ఇంకోసారి చూడాలి. అప్పుడు నిండుగా ఉంటుంది."

"చూస్తా" అంది సబ్బు. మాట సరిగ్గానే వచ్చింది గానీ, చెయ్యి అలవాటు కొద్దీ తడి కాగితాల ప్యాకెట్ మీదికి పోయింది. కత్తెర అది చూసింది. సబ్బు సిగ్గుతో చచ్చిపోయి, చెయ్యి జేబులోంచి లాగేసుకుంది.

"తుడుచుకోవే" అంది కత్తెర. "నువ్వు తుడుచుకోకపోతే ఇందాక చెప్పిందంతా అబద్ధమనుకుంటా."

సబ్బు కాగితం తీసి ముక్కూ మూతీ శుభ్రంగా తుడుచుకుంది. అది చూసుకున్నాక కత్తెర ఫోను పట్టుకుని మళ్ళీ గుట్ట ఎక్కింది.